ఆరు గంటల గేజి

సూరయ్య కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగదు. అన్నం ఎడమచేత్తో తింటాడు. అందుకని పెళ్లిళ్లకు పిలిచినా వెళ్లడు. వెళ్లినా అక్షింతలు వేసి వచ్చేస్తాడు గాని బంతిలో కూర్చోడు.

అతను లస్కరు. అవనిగడ్డకు దిగువన కాలువ మీద ఏడో నంబరు తూము, తొమ్మిదో నంబరు తూము అతని చేతికింద ఉండేవి. కాలువకు నీళ్లొచ్చినన్నాళ్లూ తూము తలుపులు ఎత్తడం, దించడం, గేజి రాయి మీద నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చూసి పుస్తకంలో రాయడం అతని పని. మూడో తరగతి చదివాడు. అంకెలు వచ్చు, తన పేరు వచ్చు. ఆ ఉద్యోగానికి అంతకంటే చదువు అక్కర్లేదు. ఎనభై మూడులో చేరాడు.

రెండు తూములకూ మధ్య మూడు కిలోమీటర్లు. ఏడో తూము కింద మంచి భూములు. తొమ్మిదో తూము కింద శివారు, ఉప్పు తగిలిన నేల. నీళ్లు నిండుగా ఉన్న యేడు లస్కరు మొహం ఎవరూ చూడరు. లేని యేడు అందరికీ అతనే కనబడతాడు.

రెండువేల రెండులో నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవీ సగమే. నీళ్లు చాలని యేళ్లన్నిటిలో లాగే వంతులు పెట్టారు. ఏడో తూముకు నాలుగు రోజులు, తొమ్మిదికి మూడు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు ఏడో తూము మూసెయ్యాలి. మూస్తే నీళ్లు దిగువకు నడిచి శివారుకు చేరతాయి. ఆరు గంటలకు లస్కరు తొమ్మిదో తూము దగ్గరుండి, గేజి చూసి రాయాలి. ఆఫీసు కాగితం మీద అలా ఉంది.

కాగితం మీద ఉన్నట్టు ఎవరూ చెయ్యలేదు. నాలుగింటికి మూస్తానంటే పై రైతులు పొద్దుగూకేదాకా ఉంచమనేవాళ్లు. లస్కర్లందరూ ఉంచేవాళ్లు. ఆ రెండు గంటలూ మర్యాద కింద లెక్క. పుస్తకంలో మాత్రం నాలుగింటికి మూసినట్టే రాసేవాళ్లు. ఆరింటికి తొమ్మిదో తూము దగ్గర ఉన్నట్టే రాసేవాళ్లు. పైగా ఆ పుస్తకం శుక్రవారమే అవనిగడ్డ సెక్షను ఆఫీసుకు చేరాలి. బస్సు పన్నెండింటికి. అంచేత సాయంత్రం సంగతి పొద్దున పదకొండున్నరకే రాసి, సంతకం చేసి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్లు. సూరయ్యకు ముందు చేసినవాడూ అంతే, పక్క కాలువ వాడూ అంతే. అంకె ఒక అంగుళం అటూ ఇటూ అయిందని ఇన్నేళ్లలో అడిగిన నాథుడు లేడు.

ఆ శుక్రవారమూ సూరయ్య అలాగే రాసి పంపాడు. నాలుగింటికి ఏడో తూము మూత. ఆరింటికి తొమ్మిదో తూము దగ్గర రెండడుగుల మూడంగుళాలు. కింద సూరయ్య అని సంతకం.

ఏడో తూము కింద గోవర్ధనరావుకు పద్దెనిమిది ఎకరాలు. మరీ చెడ్డమనిషేమీ కాదు. కోతలప్పుడు సూరయ్య ఇంటికి ఒక బస్తా ధాన్యం పంపేవాడు. తాతమ్మకు జ్వరం వస్తే స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్లినవాడు కూడా ఆయనే. తాతమ్మ సూరయ్య భార్య. ఆ యేడు గోవర్ధనరావుకు సగం చేను ఊడ్పు కాలేదు. ఆకుమడిలో ఆకు ముదిరిపోతోంది. మనిషి నిద్రపోయి వారమైనట్టు ఉన్నాడు.

ఆరు గంటలకు సూరయ్య తూము మీదికెక్కి, తలుపు తిప్పే ఇనప హ్యాండిలు తగిలించి, దించడం మొదలుపెట్టాడు. గట్టు మీద రూతు నిలబడి ఉంది. రూతుది శివారులో ఎకరం కౌలు. ముందటి రెండు వంతుల్లోనూ ఆమె చేనుకు చుక్క రాలేదు. ఈసారి తూము మూసేది కళ్లతో చూసి వెళదామని మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది.

గోవర్ధనరావు స్కూటరు దిగి, రాత్రికి వదిలెయ్యమన్నాడు. సూరయ్య తల అడ్డంగా ఊపాడు. రెండు గంటలు ఇచ్చానండి, ఇంక కుదరదండి అన్నాడు. రేపు పొద్దున మూసుకో, కిందవాళ్లకు నేను చెప్పుకుంటానన్నాడు గోవర్ధనరావు. సూరయ్య మాట్లాడకుండా తిప్పుతూనే ఉన్నాడు. ఆ మాట్లాడకపోవడం ఆయనకు ఎక్కడో తగిలింది.

"నా తిండి తిని నా చేను ఎండబెడతావురా" అన్నాడు.

సూరయ్య తిప్పడం ఆపలేదు. గోవర్ధనరావు తూము మీదికెక్కి హ్యాండిలు ఊడబెరికాడు. రెండున్నర అడుగుల ఇనుము. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. రెండోది దవడ మీద. ముందుపళ్లు రెండు తూము చప్టా మీద పడ్డాయి. మూడో దెబ్బకు చెయ్యెత్తి, రూతు కేక విని ఆగాడు. హ్యాండిలు కాలువలోకి విసిరేసి, స్కూటరు స్టార్టు కాకపోతే అక్కడే వదిలి నడిచి వెళ్లిపోయాడు.

ఆ రాత్రంతా తూము సగం తెరిచే ఉంది. గోవర్ధనరావు చేను తడిసింది. శివారుకు నీళ్లు రాలేదు.

*

బందరు పెద్దాసుపత్రిలో నలభై రోజులున్నాడు సూరయ్య. మోచేతిలో ఎముక మూడు ముక్కలైందన్నారు. ప్లేటు వేశారు. అతుక్కుంది గాని వంగలేదు.

పోలీసులు ఆస్పత్రికే వచ్చి రాసుకున్నారు. సర్కారు మనిషిని సర్కారు పనిలో ఉండగా కొట్టి ఎముక విరిస్తే ఒక సెక్షనట. పదేళ్ల దాకా వేస్తారట. రాజీపడతామన్నా చట్టం ఒప్పుకోదట. ఊళ్లో ఒకడు ఇంకొకడిని కొడితే అది ఇంకో సెక్షనట, అది చిన్నది. సూరయ్యది మొదటిదన్నారు. గోవర్ధనరావు తొమ్మిది రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు.

అవనిగడ్డలో వేదవ్యాస్ అని కుర్ర లాయరు. తనంతట తనే వచ్చి ఇంకొక సంగతి చెప్పాడు. ఆ కేసు గవర్నమెంటు వేసింది, అందులో శిక్ష పడితే గోవర్ధనరావు లోపలికి పోతాడు, నీ చెయ్యి నీకు రాదు. పోయిన చేతికి నష్టపరిహారం కావాలంటే నువ్వు విడిగా సివిల్ దావా వేసుకోవాలి అన్నాడు. తొంభై వేలకు వేద్దామన్నాడు. కాగితాలు రాసుకుంటూ, చెయ్యి పోయినందువల్ల ఏమేం చెయ్యలేకపోతున్నావో చెప్పమని అడిగాడు.

"అన్నం తినలేనండి" అన్నాడు సూరయ్య.

"ఉద్యోగం?"

సూరయ్య మళ్లీ ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలైంది. తూము తలుపు ఒంటిచేత్తో తిరగదు. పొద్దునా సాయంత్రం తాతమ్మ వచ్చి తిప్పుతోంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, హ్యాండిలు మీద ఒళ్లంతా మోపి, ముందుకు వంగుతుంది. సూరయ్య పక్కన నిలబడి ఇంకా ఎన్ని చుట్లో చెబుతాడు. ఆ సంగతి కాలువ మీద అందరికీ తెలుసు. సెక్షను ఆఫీసులో ఏఈ రాజేష్ గారికీ తెలుసు. చెయ్యి పనికిరాదని కాగితం మీదికెక్కితే ఉద్యోగానికి పనికిరాడని ఇంటికి పంపుతారు. అందుకే రాజేష్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒకసారి జీపు దిగి వచ్చినప్పుడు తాతమ్మ తిప్పుతూనే ఉంది. ఆయన అటు తిరిగి సిగరెట్టు వెలిగించుకుని, అయ్యేదాకా అటే చూశాడు.

*

కేసు రెండేళ్లకు గాని విచారణకు రాలేదు. బందరు కోర్టు. రెండువేల నాలుగు నవంబరులో మొదటి వాయిదా. గోవర్ధనరావుకు చలపతిరావు గారు లాయరు. డెబ్బై ఏళ్ల మనిషి, తగ్గు గొంతు, ఎవరితోనూ ఒక్క మాట పడడు, తనూ ఎవరినీ అనడు.

ఆ రోజు పొద్దున సూరయ్య బోనెక్కి జరిగింది చెప్పాడు. పది మాటల్లో అయిపోయింది. ఎదుటి లాయరు ప్రశ్నలు వెయ్యాలి. చలపతిరావు లేచి, గేజి పుస్తకం ఆఫీసు నుంచి రప్పించాలి, వచ్చాక అడుగుతాను, వాయిదా ఇప్పించండన్నాడు. జడ్జిగారు మూడు వారాలిచ్చారు. ఈలోగా రెండో సాక్షిని కానిచ్చేద్దామన్నారు.

రెండో సాక్షి రూతు. తూము దగ్గర చూసింది చూసినట్టు చెప్పింది. టైమెంతయింది అని అడిగితే, శివారు చర్చిలో ఆరింటి గంట వినబడిందంది. చలపతిరావు ఆమెను ఎక్కువ అడగలేదు. నీ చేనుకు నీళ్లు రాలేదని గోవర్ధనరావు మీద నీకు కోపం ఉంది కదమ్మా అన్నాడు. ఉందండి, కోపముంటే లేనిది చెబుతానా అంది. ఆయన నవ్వి కూర్చున్నాడు.

రూతు కౌలుకు చేసే ఎకరం గోవర్ధనరావు తమ్ముడిది. సాక్ష్యం చెప్పిన నాలుగో రోజున ఆ చేను తీసేసుకున్నారు. కోతకు వచ్చిన పంట వరకూ కోసుకుపొమ్మన్నారు, అంతే దయ. రూతు ఈ సంగతి సూరయ్యకు చెప్పలేదు. తాతమ్మ కోత మనుషుల దగ్గర విని వచ్చి చెప్పింది.

గేజి పుస్తకం అన్నప్పుడు సూరయ్యకు బోధపడలేదు. బస్సులో చల్లపల్లి దాటాక బోధపడింది. ఆ రోజు ఏం రాశాడో అంకెతో సహా గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా రాజేష్ ఆఫీసుకు పిలిపించాడు. తలుపు దగ్గరకు వేసి, బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేగా?"

"నేనేనండి."

"దీని ప్రకారం నువ్వు నాలుగింటికే ఏడో తూము మూసేశావు. ఆరింటికి తొమ్మిదో తూము దగ్గరున్నావు. మూసేసిన తూము కోసం ఆయన నిన్నెందుకు కొడతాడు, అసలు అక్కడ లేనివాడిని ఎట్టా కొడతాడు? అదీ వాళ్ల వాదన."

రాజేష్ గొంతు తగ్గించాడు. పుస్తకం నిజమని చెబితే కేసు అక్కడితో పోతుంది, పోనియ్యమన్నాడు. నీ ఉద్యోగం ఇంకో పద్దెనిమిది నెలలుంది, తర్వాత పింఛను వస్తుంది, చచ్చేదాకా నీకూ, నువ్వు పోయాక తాతమ్మకూ. పుస్తకం అబద్ధమని నోటితో అన్నావంటే అది జడ్జిగారు రాస్తారు. సర్కారు రికార్డు తప్పుగా రాశానని కోర్టులో ఒప్పుకున్నవాడిని డిపార్టుమెంటు ఒక్కరోజు ఉంచదు. డిస్మిస్ చేస్తే పింఛను కూడా ఉండదు. ప్రతి వారం కింద సంతకం పెట్టింది నేను, నన్నూ అడుగుతారన్నాడు.

"రెండేళ్ల నుంచి మీ ఆవిడ తూము తిప్పుతుంటే నేను కళ్లు మూసుకోలేదా సూరయ్యా? ఈ ఒక్కసారి నువ్వు మూసుకో."

సూరయ్య వస్తానండి అని బయటకు వచ్చాడు.

ఆ సాయంత్రమే ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి వచ్చి, పుస్తకంలో ఉన్నట్టే చెబితే గోవర్ధనరావు సివిల్ దావాలో అడిగినదానికి సగం ఇప్పుడే ఇచ్చేస్తాడని, గుడివాడలో ఎముకల డాక్టరుకు చూపిస్తాడని చెప్పి వెళ్లారు. సూరయ్య వాళ్లకు మంచినీళ్లు ఇచ్చాడు. ఔననలేదు, కాదనలేదు.

వాళ్లు వెళ్లాక తాతమ్మ పొయ్యి దగ్గర నుంచే మాట్లాడింది. పింఛను సంగతి రాజేష్ చెప్పినంత వివరంగానూ ఆమెకు తెలుసు.

"పుస్తకంలో ఉన్నదే చెప్పు. నీ చెయ్యి ఎట్టాగూ రాదు."

సూరయ్య తల ఊపాడు. ఆమె ఎసట్లో బియ్యం పోస్తూ మళ్లీ అంది.

"మరి రూతు చెప్పిందేమవుతుంది?"

"అబద్ధమవుతుంది."

తాతమ్మ అన్నం వార్చి, పళ్లెంలో పెట్టి, ముద్దలు కలిపి అతని ఎడమచేతి వైపు జరిపింది.

*

వాయిదా రోజున రూతు కూడా బందరు వచ్చింది. ఆమె పని అయిపోయింది, రానక్కర్లేదు. బస్సెక్కేటప్పుడు సూరయ్య అదే అన్నాడు. పిన్ని పంపిందిలే బాబాయ్, నీకు అన్నం మూట విప్పడం రాదని, అంది. ఆమె బాబాయ్ అనేది వరసకు కాదు, అలవాటు. కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బోనులో నిలబడితే కిటికీలోంచి ఆమె తల కనబడుతుంది.

రాజేష్ పుస్తకం తెచ్చి ఇచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. గోవర్ధనరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్లలో ఆయన జుట్టు బాగా నెరిసింది.

చలపతిరావు పుస్తకం తీసి సూరయ్య ముందు పెట్టాడు. తొందరపడలేదు. ఈ సంతకం నీదేనా అన్నాడు. నాదేనండి. ఈ అంకెలు నీవేనా. నావేనండి. బలవంతాన ఎవరైనా రాయించారా. లేదండి. శుక్రవారం నాలుగు గంటలకు ఏడో తూము మూసినట్టుంది, ఆరు గంటలకు తొమ్మిదో తూము దగ్గర రెండడుగుల మూడంగుళాలున్నట్టుంది, చూసుకున్నావా. చూశానండి.

"అయితే ఆరు గంటలకు నువ్వు ఏడో తూము దగ్గర లేవు."

జడ్జిగారు తలెత్తి చూశారు. చలపతిరావు గొంతు ఇంకా మెత్తబడింది.

"చూడు సూరయ్యా. నేను నిన్ను ఇబ్బంది పెట్టను. ఈ పుస్తకం నిజమైతే ఆ రూతు ఇక్కడ ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు. రూతు చెప్పింది నిజమైతే నువ్వు సర్కారు పుస్తకంలో అబద్ధం రాసినట్టు. రెండూ నిజం కావు. ఏది నిజమో నువ్వే చెప్పు."

సూరయ్య ఎడమచేత్తో బోను చెక్క పట్టుకున్నాడు. కిటికీలోంచి రూతు తల కనబడుతోంది. ఆమెకు లోపలి మాటలు వినబడవు. మూట ముడి బిగించుకుంటోంది.

"రూతు చెప్పింది నిజమండి" అన్నాడు. "పుస్తకంలోది నేను పొద్దునే రాశానండి."

వెనక బెంచీ మీద రాజేష్ కదిలిన చప్పుడైంది. సాయంత్రం సంగతి పొద్దునే ఎందుకు రాశావని జడ్జిగారు స్వయంగా అడిగారు.

"బస్సు పన్నెండింటికండి."

కోర్టులో ఒకరిద్దరు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. మరి ఆరింటికి మూసినవాడివి నాలుగని ఎందుకు రాశావన్నారు.

"ఆ రెండు గంటలూ గోవర్ధనరావు గారి కోసం ఉంచానండి. రాస్తే ఆయనకు మాటొస్తుందని రాయలేదండి."

గోవర్ధనరావు తల దించుకున్నాడు. చలపతిరావు మాత్రం ఈ జవాబు వస్తుందని ముందే తెలిసినవాడిలా తల పంకించాడు. ఎన్నేళ్ల నుంచి ఇలా రాస్తున్నావని అడిగాడు.

"ఇరవై ఒక్క ఏళ్ల నుంచండి."

"ఇరవై ఒక్క ఏళ్లు అబద్ధం రాసినవాడివి ఇవాళ నిజం చెబుతున్నావని మేం నమ్మాలి. అంతేనా?"

"అంతేనండి."

"ఇలా రాయమని నీకు ఎవరు నేర్పారు?"

సూరయ్య వెనక బెంచీ వైపు చూడలేదు. ముందున్న లస్కరు నేర్పాడు. ప్రతి వారం చూసి సంతకం పెట్టినవాళ్లు అలాగే ఉంచమన్నారు. ముందున్నవాడు పోయి పదేళ్లయింది.

"నాకే వచ్చిందండి" అన్నాడు.

జడ్జిగారు చెబుతుంటే గుమాస్తా అదంతా టైపు కొట్టాడు. ఎడమచేత్తో సంతకం చెయ్యడం సూరయ్య ఆస్పత్రిలో నేర్చుకున్నాడు. వంకరగా పెట్టాడు.

వరండాలో రూతు మూట విప్పింది. ఏమైంది బాబాయ్ అని అడిగింది.

"నువ్వు చెప్పిందే చెప్పాను."

రూతు అన్నం కలిపి ఆకు మీద పెట్టింది. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. సూరయ్య గోడ వైపు తిరిగి తిన్నాడు.

*

తీర్పు సంక్రాంతి వెళ్లాక వచ్చింది. గోవర్ధనరావు కొట్టడం నిజమేనన్నారు జడ్జిగారు. రూతును నమ్మానన్నారు, డాక్టరును నమ్మానన్నారు. కాని ఆ వేళకు సూరయ్య సర్కారు పనిలో ఉన్నాడని సర్కారు పుస్తకమే చెప్పడం లేదు. ఉద్యోగి తన చేత్తో వేరే చోట ఉన్నానని రాసుకున్నాక, పనిలో ఉండగా కొట్టారన్న పెద్ద సెక్షను నిలవదన్నారు. చిన్న సెక్షను కింద ఒక ఏడాది జైలు, రెండు వేలు జరిమానా. ఆ జరిమానాలో పదిహేను వందలు సూరయ్యకివ్వమన్నారు.

అప్పీలు వేసుకోవడానికి టైమిచ్చి శిక్ష ఆపారు. గోవర్ధనరావు ఆ సాయంత్రం ఇంటికే వచ్చాడు. అప్పీలు వేశాడు.

సూరయ్యకు నెల తిరక్కుండా మెమో వచ్చింది. కింద రాజేష్ సంతకముంది. పైనుంచి వచ్చిందే ఆయన పంపాడు, అంతకుమించి ఏమీ లేదు. మెమోకు కోర్టు కాగితం నకలు కుట్టి ఉంది. సూరయ్య తన మాటలు తనే కూడబలుక్కుని చదువుకున్నాడు. చెప్పింది చెప్పినట్టే ఉంది, బస్సు సంగతితో సహా.

విచారణ బందరు ఆఫీసులో. ఆ పొద్దున అవనిగడ్డలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు సూరయ్య. మోపిదేవిలో బస్సు ఆగితే యాత్రికులు ఒక్కసారిగా ఎక్కారు. వాళ్లతో పాటు గోవర్ధనరావు. స్వామికి మొక్కుకుని వస్తున్నాడు, నుదుట విభూతి ఉంది. ఆ రోజు ఆయన అప్పీలు వాయిదా. బస్సులో ఖాళీ ఒక్కటే, సూరయ్య పక్కన. కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. టిక్కెట్టు కొట్టేవాడు కూర్చోండి బాబూ దారికడ్డం అనేసరికి కూర్చున్నాడు.

బస్సు చల్లపల్లి దాటింది.

"పుస్తకం ప్రకారం ఒక్క మాట అనుంటే, నువ్వూ నేనూ ఇద్దరం ఇవాళ ఇంటికాడ ఉండేవాళ్లం కదరా" అన్నాడు గోవర్ధనరావు.

"రూతు ఎక్కడుండేదండి?"

కిటికీలోంచి చేలు పోతున్నాయి. ఆయన అటు చూస్తూ, చేను మళ్లీ ఇమ్మని తమ్ముడితో చెబుతాలే, నేనంటే కాదనడు అన్నాడు.

"చెప్పి చూడండి."

బస్టాండులో దిగాక ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. విచారణ పది నిమిషాల్లో అయిపోయింది. కోర్టులో చెప్పింది నువ్వేనా అన్నారు. నేనేనండి అన్నాడు. ఇంకేమైనా చెప్పుకుంటావా అన్నారు. ఏం లేదండి అన్నాడు. ఉత్తర్వు ఇంటికి పోస్టులో వచ్చింది. ఉద్యోగంలోంచి తీసేశారు. రిటైరు కావడానికి పద్నాలుగు నెలలుంది.

సివిల్ దావా ఆ తర్వాత ఏడాదికి తేలింది. వేదవ్యాస్ బాగానే వాదించాడు. పోయిన ఉద్యోగానికీ, రాని పింఛనుకూ కూడా లెక్క కట్టి అడిగాడు. అవతల చలపతిరావు జూనియరు లేచి, ఇతని ఉద్యోగం దెబ్బ వల్ల పోలేదు, దెబ్బ తిన్నాక రెండేళ్లు జీతం తీసుకున్నాడు, పోయింది పుస్తకం వల్ల అన్నాడు. న్యాయమే కదా అన్నారు అక్కడి జడ్జిగారు. ఆస్పత్రి ఖర్చులు, నొప్పికీ అవిటికీ కలిపి ఇరవై రెండు వేలు ఇవ్వమన్నారు. దాని మీదా అప్పీలు పడింది. రెండు అప్పీళ్లూ నడుస్తూనే ఉన్నాయి. వేదవ్యాస్ కనబడినప్పుడల్లా వచ్చే వాయిదాకు తేలిపోతుందని చెబుతాడు.

గోవర్ధనరావు తమ్ముడితో చెప్పాడో లేదో తెలియదు. రూతుకు చేను రాలేదు. ఆమె ఇప్పుడు రొయ్యలు వలిచే షెడ్డుకు వెళుతోంది. ఐసు నీళ్లలో వేళ్లు పగిలి రక్తాలు కారతాయి. ఆదివారం చర్చి అయ్యాక తాతమ్మ దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. తాతమ్మ ఆమె వేళ్లకు కొబ్బరినూనె రాస్తుంది. కోర్టు ఊసు ఎవరూ ఎత్తరు.

*

ఏడో తూముకూ తొమ్మిదో తూముకూ చిట్టిబాబు అని పక్క కాలువ నుంచి కొత్త లస్కరు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సూరయ్యను మావయ్యా అని పిలుస్తాడు. తూము తలుపు ఎక్కడ పట్టేస్తుందో, ఎన్ని చుట్లకు మూతపడుతుందో సూరయ్యనే అడిగి తెలుసుకున్నాడు.

ఒక శుక్రవారం పదకొండు దాటాక సూరయ్య అటు వెళ్లేసరికి చిట్టిబాబు తూము చప్టా మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొడ మీద పుస్తకం పెట్టుకుని, పెన్ను ఆడకపోతే విదిలిస్తున్నాడు.

"సాయంత్రానికి తొమ్మిదో తూము కాడ ఎంతుంటది మావయ్యా?"

"వెళ్లి చూసి రాయి."

చిట్టిబాబు నవ్వాడు.

"నువ్వే ఆ మాటనాలి. చూసొచ్చేసరికి బస్సు పోద్ది. రెండున్నర వేస్తున్నా."

వేశాడు. సంతకం చేశాడు. దూరంగా హారను వినబడితే పుస్తకం సంచిలో పెట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

సూరయ్య ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. నాలుగున్నరకు లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని తాతమ్మ అడిగితే, ఇప్పుడే వస్తానన్నాడు. కాలువగట్టు వెంట నడిచాడు. వంగని చెయ్యి పక్కన వేలాడుతుంటే నడక ఒక వైపుకు లాగుతుంది. మధ్యలో రెండుసార్లు ఆగాడు. తొమ్మిదో తూముకు చేరేసరికి శివారు చర్చిలో ఆరు కొడుతున్నారు.

మెట్లు దిగి, నీళ్ల దాకా వెళ్లి, గేజి రాయికి అంటిన నాచును ఎడమచేత్తో తుడిచాడు. అంకె కనబడింది. రెండడుగుల ఒక అంగుళం.

తప్పు చూశానేమోనని కాసేపాగి ఇంకోసారి చూశాడు. అంతే ఉంది. చెయ్యి పంచెకు తుడుచుకుని, మెట్లెక్కి ఇంటిదారి పట్టాడు.